సిస్టరమ్మ పెట్టిన కావలి

మా మనవరాలు పుట్టినప్పటి సంగతి మా ఇంట్లో అందరూ చెబుతారు. మా వియ్యపురాలు చెబుతుంది, మా ఇంటామె చెబుతుంది, ఆ రోజు సగం సేపు చొక్కా లేకుండా పడుకోవడం తప్ప ఏమీ చెయ్యని మా అల్లుడు కూడా చెబుతాడు. నన్ను మాత్రం ఇంతవరకు ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. మొన్న ఆదివారం మనవరాలి మూడో పుట్టినరోజని మట్టెవాడలో మా ఇంటి మేడ మీద షామియానా వేసి, బంధువులను పిలిచాం. కేకు కోశాక ఎవరో "పిల్ల మంచి పుష్టిగున్నదమ్మా" అన్నారు. అంతే, వియ్యపురాలు అందుకుంది. దవాఖానలో ఏం జరిగిందో, తానేం చేసిందో, తాను పంపిన ఎల్లిపాయ కూర ఎలా పనిచేసిందో మొదలుపెట్టింది. నేను గొంతు సవరించుకుని "అసలు ముచ్చటేందంటే" అన్నానో లేదో, మా ఇంటామె నా చేతిలో ఖాళీ గిన్నెలు పెట్టి "గివి జర కింద పెట్టి రా పో" అంది. నేను కిందికి వెళ్లి పైకి వచ్చేసరికి కథ అయిపోయింది, అందరూ ఐస్‌క్రీం తింటున్నారు. నాకు ఐస్‌క్రీం మిగల్లేదు. అందుకే రాస్తున్నాను. రాసేటప్పుడు ఎవరూ చేతిలో గిన్నెలు పెట్టలేరు.

నా గురించి ఒక మాట. బట్టల దుకాణం నడిపి, నాలుగేళ్ల కింద తమ్ముడి కొడుకుకు అప్పగించినవాణ్ని. బజారులో నన్ను కొట్లాటల మనిషి అంటారు. అది అబద్ధం. తప్పు కనిపిస్తే ఊరుకోను, అంతే. ఒకవేళ ఊరుకున్నా మరచిపోను. మా బిడ్డ పెళ్లిలో మగపెళ్లివాళ్లు నాకు చెప్పకుండా గ్రూప్ ఫొటో దిగారు. ఆ ఫొటో పెద్దది చేయించి వియ్యపురాలు తన హాల్లో పెట్టుకుంది. అందులో బ్యాండువాడున్నాడు, వంటమనిషి తమ్ముడున్నాడు, పెళ్లికూతురి తండ్రి లేడు. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా నన్ను సరిగ్గా ఆ ఫొటో ఎదురుగానే కూచోబెడతారు. ఇది అసలు కథకు సంబంధం లేని విషయమే, కానీ చెప్పకుండా ఉండలేను.

బిడ్డకు మంచి ఎండాకాలంలో కాన్పు అయింది. ఆపరేషన్ చేసి పాపను తీశారు. హన్మకొండలో ఒక చిన్న దవాఖాన. మాకు ఇచ్చిన గదిలో ఫ్యాను తిరిగినట్టే కనిపిస్తుంది గాని గాలి రాదు. లిఫ్టు మనిషిని చూసి మరీ ఆగిపోతుంది. ఈ రెండింటి గురించీ నేను మొదటి రోజే కౌంటర్‌లో చెప్పాను. రెండో రోజు మళ్లీ చెప్పాను, ఈసారి కొంచెం గట్టిగా. అప్పుడు పగటి డ్యూటీలో ఉన్న సిస్టర్ ఒకామె వచ్చి, నేను కూచున్న ప్లాస్టిక్ కుర్చీని నా కిందనుంచి తీసినంత పని చేసి, "బాపూ, గదిల ఇంతమంది ఉంటే గాలెట్లొస్తది? నువ్వు జర బయట కూసో" అని కుర్చీని వరండాలో పడేసింది. నలభై దాటిన మనిషి, ఎత్తరి, పాలంపేట దగ్గర ఊరి కోడలట. గొంతు మాత్రం బస్సు కండక్టరు గొంతు. వరండా ఈ కొసన మాట్లాడితే ఆ కొసన నిద్రపోయే పసిపిల్ల లేవాలి. అరవై దాటినవాణ్ని కుర్చీతో సహా గెంటేసింది కాబట్టి నా తర్వాతి ఫిర్యాదు ఆమె మీదే పెట్టాలని నిశ్చయించుకున్నాను.

కాని మూడో రోజు పొద్దున నాకు నా ఫిర్యాదులన్నీ పక్కకు పోయాయి. పాప తాగడం లేదు. నోరు పెట్టినట్టే పెట్టి, తల తిప్పుకుని, ముఖం కందగడ్డ చేసుకుని ఏడుస్తుంది. ఏడ్చి ఏడ్చి అలిసి నిద్రపోతుంది. పెద్ద డాక్టరమ్మ వచ్చి చూసి, బరువు తూచి, "సాయంత్రం దాకా చూద్దాం. అప్పటికీ సరిగ్గా తాగకపోతే డబ్బా పాలు మొదలుపెడదాం, భయపడాల్సిందేమీ లేదు" అని మర్యాదగానే చెప్పి వెళ్లింది. ఆమె మాటలో తప్పు లేదు. కాని మా బిడ్డకు అది శిక్ష వేసినట్టు వినిపించింది. కాన్పుకు ముందు తొమ్మిది నెలలూ నా పాలే పడతా, నా పాలే పడతా అని ఇల్లంతా చెప్పుకున్న పిల్ల. నా వైపు చూసి "నాతోని కాదు నాయినా. నేను తల్లినే కాదు" అంది. చిన్నప్పుడు సైకిల్ మీదినుంచి పడి మోకాలు చీరుకుపోయినా ఏడవని పిల్ల అది. ఆ మాట విన్నాక నాకు ఎవరితోనైనా కొట్లాడాలనిపించింది, కాని ఎవరితో కొట్లాడాలో తెలియలేదు. అలాంటి పరిస్థితి నాకు జీవితంలో ఎప్పుడూ రాలేదు.

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. బాలింతను చూడటానికి రావడమంటే మాకు పెళ్లికి వెళ్లినంత బాధ్యత. బ్రెడ్డు ప్యాకెట్టో, యాపిల్ పండ్లో పట్టుకుని బజారు బజారంతా వస్తుంది. వచ్చినవాళ్లు చెప్పులు విడవకముందే, పిల్ల ముఖం చూడకముందే అడిగే మొదటి మాట "పాలు పడ్డయా?" అని. ఇంటికొచ్చినవాణ్ని "అన్నం తిన్నవా" అన్నట్టు, అందులో చెడు ఉద్దేశం ఏమీ లేదు. కాని రెండు రోజుల్లో ఆ మాట ఎందరు అడిగారో! మా అక్క అడిగింది, పక్కింటి బంగారు దుకాణమామె అడిగింది, మా ఇంటామెతో కలిసి బతుకమ్మ ఆడే ఆడవాళ్లందరూ ఒక ఆటోలో దిగి వరసగా అడిగారు. జవాబు వినేదాకా కూడా ఆగరు. "మా కోడలుకు రెండో రోజుకే దుంకినయి" అని ఒకరు, "పల్చగుంటే పిల్లకు ఆనయి" అని ఒకరు. ఒక్కో మాటకు మా బిడ్డ దుప్పటి ఇంకొంచెం పైకి లాక్కునేది. దానికి తోడు మా ఇంటామె పథ్యం. బాలింత నీళ్లు తాగితే పచ్చి ఒళ్లు ఉబ్బుతుందని, ఆ ఎండలో, చెవులకు స్కార్ఫ్ కట్టి, గుక్కెడు గుక్కెడు చొప్పున వేడినీళ్లు పోసేది. వాళ్లమ్మ ఆమెకు అలాగే చేసిందట.

నన్ను కుర్చీతో గెంటిన ఆ సిస్టరమ్మ మూడో రోజు డ్యూటీకి వచ్చీ రాగానే గదిలోకి తొంగిచూసింది. అప్పుడు మంచం చుట్టూ ఆరేడుగురున్నారు. బిడ్డ గోడవైపు తిరిగి ఉంది. సిస్టరమ్మ ఒక్క నిమిషం నిలబడి చూసి, వరండాలోకి వచ్చి, నా కుర్చీ ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఈసారి కుర్చీని మేడ మీదికి పంపిస్తుందేమో అనుకున్నాను.

"బాపూ, నీ బిడ్డకు పాలు లేక కాదు. నిమ్మళం లేక" అంది. "వచ్చినోళ్లంత గదొక్కటే అడుగుడు. ఆమె ఏమన్న బర్రెనా, పితికి లెక్క చెప్పడానికి?"

"నేనడగలేదు కదమ్మా" అన్నాను.

"నువ్వడగలే. నువ్వు మొన్నటి సంది లిఫ్ట్ కాడ, ఫ్యాన్ కాడ, కౌంటర్ కాడ కొట్లాడుతనే ఉన్నవు. దవాఖానంత ఎరుక నీ సంగతి. ఆ కొట్లాట ఇయ్యాల జర నాకియ్యి. కుర్చీ తలుపుకు అడ్డం ఏసుకో. నేను చెప్పెదాక ఒక్కరిని లోపటికి రానియ్యకు. ఆ ముచ్చట అడిగెటోళ్లను అసలే రానియ్యకు."

"ఎవరొచ్చినా?"

"ఎవరొచ్చినా."

"మా వియ్యపురాలొచ్చినా?"

"ఆమెను ఇంక గట్టిగ ఆపు."

అరవై ఏళ్లుగా అందరూ నన్ను "ఊకో, ఊకో" అన్నవాళ్లే. కొట్లాడు అని పని అప్పగించిన మనిషి ఆమె ఒక్కతే. ఆ క్షణాన నా ఫిర్యాదు రద్దు చేసుకున్నాను. కుర్చీని తలుపుకు అడ్డంగా వేసి, తువ్వాల నడుముకు కట్టి, కూచున్నాను. మళ్లీ దుకాణం తెరిచిన రోజులా, దసరా ముందు గిరాకీలా ఒళ్లంతా ఒకటే హుషారు.

సిస్టరమ్మ లోపలికి వెళ్లి అందరినీ నవ్వుతూనే బయటకు పంపింది. మా ఇంటామె, అల్లుడు మాత్రం లోపల మిగిలారు. ఆ తర్వాత లోపల జరిగింది నేను చూడలేదు గాని, ఆమె గొంతు తలుపుకు ఆగేది కాదు కాబట్టి మొత్తం విన్నాను. ముందు మా ఇంటామె టిఫిన్ క్యారియర్ మూత తీసిన చప్పుడు. "అక్కా, గింత ఎండల ఎండుకారం బువ్వ పెట్టి, నీళ్లియ్యకుండ కూసోవెట్టినవా? చెరువు ఎండవెట్టి కాలువకు నీళ్లు రమ్మంటే వస్తయా? దూప అయినప్పుడల్లా తాగనియ్యి. మజ్జిగ కలుపు." మా ఇంటామె "మా అమ్మ..." అనబోయింది. "మీ అమ్మ మంచిదే అక్కా, మీ అమ్మ కాలంల గింత ఎండ లేకుండె" అని సిస్టరమ్మ ఆమెను తన వైపు కలుపుకుంది. తర్వాత అల్లుడి వంతు. "తమ్ముడూ, ఫోన్ల వీడియోలు సూసుడు చాలు. అంగీ ఇప్పు." నేను ఉలిక్కిపడ్డాను. "పిల్లను నీ రొమ్ము మీద ఏసుకొని పడుకో. నీ వెచ్చదనం తాకాలె. మీ ఆమె ఒక కునుకు తీయాలె." మా అల్లుడు ఇంట్లో స్నానానికి కూడా బనీను వేసుకునే వెళ్తాడేమో అనిపించే మనిషి.

ఇటు తలుపు దగ్గర నా పని జోరుగా సాగింది. మొదట మా అక్కే వచ్చింది, అరటిపండ్ల గెలతో. "ఏంరా, తలుపుకు అడ్డం కూసున్నవ్? జరుగు" అంది. "లోపటికి ఎవరినీ పంపొద్దన్నరు" అన్నాను. "నేను మేనత్తను రా, పరాయిదాన్నా?" "లోపటికి పోయి పాలు పడ్డయా అని అడుగుతవా?" "అడగకపోతే ఎట్ల తెలుస్తది?" "అయితే పండ్లు ఈడ పెట్టు. ఇంటికి నడువు." అక్క నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నా చిన్నప్పటినుంచి నేను అన్నం దగ్గర చేసిన మారాం అంతా వరండాకు వినిపించేలా చెప్పి వెళ్లిపోయింది. బంగారు దుకాణమామెను మెట్ల దగ్గరే ఆపాను. దూరపు చుట్టాలు కొందరు లిఫ్టులో వస్తే, లిఫ్టే సగంలో ఆగి నాకు సాయం చేసింది. ఆ లిఫ్టు మీద నేను పెట్టిన ఫిర్యాదుకు మొదటిసారి చింతించాను. మధ్యాహ్నానికి దవాఖాన వాచ్‌మన్ నా దగ్గరికి వచ్చి, "పెద్దసారూ, మీరు రోజూ వస్తరా?" అని ఆశగా అడిగాడు.

బిడ్డ నిద్ర లేచిందని సిస్టరమ్మ గొంతు వల్లే తెలిసింది. అప్పుడు మొదలైంది అసలు పని. "కుట్లున్నయి, కూసోకు. పక్కకు ఒరిగి పండుకో. నువ్వు పిల్ల మీదికి వంగకు, పిల్లనే నీ మీదికి తెచ్చుకో. తొందర వద్దు. నోరు పెద్దగ తెరవనీ. ఇంకా. ఇంకా. ఆఁ, ఇప్పుడు!" కాసేపటికి పాప ఏడుపు. "కాలేదా? ఏం ఫికర్ లేదు. ఆమె కూడ కొత్తదే గదా, ఆమె కూడ నేర్సుకోవాలె. మల్ల." మళ్లీ ఏడుపు. మళ్లీ మొదలు. నా కాళ్లు నాకు తెలియకుండానే నేల మీద తాళం వేస్తున్నాయి. ఒక దశలో తలుపు ఒక్క చెయ్యి పట్టేంత మాత్రం తెరుచుకుని, సిస్టరమ్మ చెయ్యి ఒకటి బయటకు వచ్చింది. చేతిలో ఉగ్గుగిన్నె, పసిపిల్లలకు ఉగ్గు పట్టే ముక్కుగిన్నె. అడుగున కొంచెం, మామిడిరసంలా పచ్చగా, చిక్కగా. "ఇగో బాపూ, చేతితోని తీసిన. ముర్రుపాలు. లేవు లేవన్నరు గదా, ఉన్నయి. పిల్ల నేర్సెదాక ఇవి పడతా. ఆకలికి మాడదు." చెయ్యి లోపలికి వెళ్లింది, తలుపు మూసుకుంది. నేను లేచి నిలబడ్డాను. ఎవరికైనా చెప్పాలి. కాని వచ్చినవాళ్లందరినీ నేనే తరిమేశాను. వాచ్‌మన్‌కు చెప్పాను. అతను నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు.

అయినా పాప నోరు పట్టలేదు. ఎండ తగ్గుతోంది. డాక్టరమ్మ వచ్చే వేళ దగ్గరపడుతోంది. లోపల బిడ్డ గొంతు మళ్లీ సన్నగా వినిపించింది: "ఇగ వద్దు సిస్టర్. డబ్బా పాలే పోయుండ్రి." సిస్టరమ్మ "పోద్దాం. అవసరమైతే పోద్దాం, అది విషం కాదు, నువ్వు చెడ్డదానివీ కావు. డాక్టరమ్మ వచ్చెదాక ఇంకొక్కసారి సూద్దాం" అంటోంది. సరిగ్గా అప్పుడే మెట్ల మీద గాజుల చప్పుడైంది. మా వియ్యపురాలు. ఒక చంకలో పాలపొడి డబ్బా, ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు. యుద్ధానికి వచ్చినట్టే వచ్చింది. నేను కుర్చీలో మరింత స్థిరంగా కూచున్నాను.

"జరుగుండ్రి అన్నా."

"లోపటికి పంపొద్దన్నరు చెల్లె."

"నా మనుమరాలు ఆకలికి ఏడుస్తాంటే నన్ను ఆపుతాన్నరా? ఎవలన్నరు?"

"సిస్టరన్నది. నేనంటున్న."

"మీరెవలు ఆపనీకె?"

"పిల్లకు తాతను. మీ ఫొటోల లేను గని, తాతనే."

బిడ్డ పెళ్లయినప్పటినుంచి దాచుకున్న మాట అది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆమె ముఖం ఎర్రబడింది. గట్టిగా అంటుందనుకున్నాను, నేనూ సిద్ధంగానే ఉన్నాను. కాని ఆమె డబ్బాను గుండెలకు పట్టుకుని, గొంతు తగ్గించి, "నాకు పడలే అన్నా" అంది. "పెద్దోడు పుట్టినప్పుడు నాకు పడలే. మా అత్త నీళ్ల కాడ, రేషన్ షాపు కాడ, వాడ వాడంత చెప్పింది. నా కొడుకును బర్రెపాలతోని సాదిన. గా మాట నా కోడలుకు రావద్దని తెచ్చిన గిది. ఇంకెందుకు తెస్త?"

ఆమెను లోపలికి పంపలేదు, సిస్టరమ్మకు మాట ఇచ్చాను కదా. లేచి, నా కుర్చీ ఆమెకిచ్చాను. ఫొటో సంగతి మరచిపోయానని కాదు. కుర్చీ ఇచ్చాను, అంతే. ఆమె డబ్బా ఒళ్లో పెట్టుకుని కూచుంది, నేను తలుపుకు ఆనుకుని నిలబడ్డాను.

అప్పుడు లోపల సిస్టరమ్మ గొంతు మారింది. పొద్దుటినుంచి వరండా అంతా మోగిన గొంతు ఒక్కసారి తగ్గి గుసగుస అయింది. ఏం చెబుతోందో వినిపించలేదు. తలుపుకు చెవి ఆనించినా వినిపించలేదు. ఆ తర్వాత మా బిడ్డ నవ్వింది. చిన్న నవ్వు కాదు. కుట్లు నొప్పెడుతుంటే "అమ్మో, అమ్మో" అంటూ, ఆపుకోలేక, పదో తరగతిలో స్నేహితురాళ్లతో కలిసి నవ్వే నవ్వు. మా ఇంటామె కూడా నవ్వింది. అల్లుడు "సిస్టర్, ప్లీజ్" అన్నాడు, అతని గొంతులో సిగ్గు. వియ్యపురాలు నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. కాసేపటికి నవ్వు ఆగింది. పాప ఏడుపు మాత్రం మళ్లీ మొదలవలేదు.

తలుపు సందు తెరుచుకుంది. సిస్టరమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుంది. "లోపటికి రాకుండ్రి. ఈడనే నిలవడి ఇనుండ్రి." తలుపు వెనక కట్టిన తెర అవతలినుంచి వచ్చింది. చిన్న చప్పుడు. గుటుక్. కొంచెం ఆగి మళ్లీ గుటుక్. ఒక లయ కుదిరింది. పసిగొంతు పాలు మింగే చప్పుడు అంత గట్టిగా వినిపిస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. నా బిడ్డ పుట్టినప్పుడు నేను దుకాణంలో ఉన్నాను, నన్నెవరూ పిలవలేదు. వియ్యపురాలు ఎప్పుడు లేచి నా పక్కన నిలబడిందో తెలియదు. "తాగుతాంది అన్నా" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తల ఊపాను. ఇద్దరం ఊపిరి బిగబట్టి, దొంగల్లా, ఆ చప్పుడు వింటూ నిలబడ్డాం. నాకు వరండా పొడుగునా పరుగెత్తాలనిపించింది, అరవాలనిపించింది. అరిస్తే పాప వదిలేస్తుందని తువ్వాల నోట్లో పెట్టుకున్నాను.

డాక్టరమ్మ వచ్చి చూసి, బాగుంది, ఇలాగే కానివ్వండి, రేపు మళ్లీ బరువు చూద్దాం అంది. మర్నాడు కొంచెం, ఆ మర్నాడు ఇంకొంచెం కుదిరింది. ఒకటి రెండుసార్లు మళ్లీ ఏడుపు, మళ్లీ మొదలు. ఇంటికి వచ్చేనాటికి తల్లీబిడ్డలిద్దరికీ పని తెలిసింది.

ఇంత జరిగాక అడగాల్సింది ఒక్కటే మిగిలింది, దానికే ఇప్పటిదాకా జవాబు లేదు. ఆ గుసగుసలో సిస్టరమ్మ ఏం చెప్పింది? బిడ్డను అడిగితే "నీకెందుకు నాయినా" అంటుంది. మా ఇంటామె ముఖం తిప్పుకుని నవ్వుతుంది. అల్లుడేమో నేను అడగ్గానే ఫోను ఎత్తుకుంటాడు. తలుపు బయట నా పక్కనే నిలబడిన వియ్యపురాలికి కూడా ఇప్పుడు తెలుసు, ఎప్పుడో చెప్పుకున్నారు. సిస్టరమ్మనే అడిగాను, "అది ఆడోళ్ల ముచ్చట బాపూ" అని బస్సు కండక్టరు గొంతుతో నవ్వింది. తొట్టెలలో పడుకున్న పిల్ల ఇప్పుడు మేడమెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కుతోంది, పాలు మానేసిన సంగతే దానికి గుర్తులేదు. కాలం పోతూ పోతూ మనుషుల బాధలను తీసుకుపోతుంది, దానికి దండం. నవ్వును మాత్రం నాకు సగమే ఇచ్చి పోయింది. బిడ్డా, నీ కోసం పొద్దంతా ఆ తలుపు కాసినవాణ్ని అడుగుతున్నాను, గిన్నెలు కింద పెట్టి రమ్మంటే ఈసారి వెళ్లను: ఆ రోజు నువ్వు ఎందుకు నవ్వావో చెప్పు.